ఇన్‌వర్డు ఇశ్రాయేలన్న

ఇశ్రాయేలన్న చేతికి ఏ కాగితం ఇచ్చినా ముందు చదివేవాడు కాదు. తిప్పి ముద్ర చూసేవాడు. శుభలేఖ ఇచ్చినా అంతే, డాక్టరు రాసిన మందుల చీటీ ఇచ్చినా అంతే. పెళ్లయిన కొత్తలో పుట్టింటి నుంచి ఆయన భార్య చంద్రమ్మ వదిన రాసిన మొదటి ఉత్తరానికి ఆయన ఇచ్చిన జవాబు ఇది: "పైన మంగళవారం అని ఏసినవ్. పోస్టు ముద్ర శుక్రవారంది. నడుమ మూడు దినాలు ఏం జేసినవ్?" ఆ ఉత్తరాన్ని వదిన ట్రంకు పెట్టెలో దాచిపెట్టుకుంది. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా తీసి చదివి వినిపించేది. ఆయన మాత్రం సిగ్గుపడేవాడు కాదు. "ఇంతవరకు జవాబు చెప్పలే చూడుండ్రి" అనేవాడు.

అఫ్జల్‌గంజ్‌లో ఒక సర్కారు ఆఫీసులో ఆయన ఇన్‌వర్డు గుమాస్తా, నేను అవుట్‌వర్డు గుమాస్తా. వచ్చే కాగితాలన్నీ ఆయన టేబుల్ మీదికి, పోయే కాగితాలన్నీ నా టేబుల్ మీదికి. వచ్చిన ప్రతి కాగితం మీద ఆయన ఆనాటి తారీఖు ముద్ర గుద్ది, నంబరు వేసి, పుస్తకంలో ఎక్కించేవాడు. గడువు దాటిపోయాక జనం పాత తారీఖు వేసిన దరఖాస్తులు పట్టుకొని వచ్చేవారు. "మూడో తారీఖునాడే రాసిన సార్, చూడుండ్రి పైన" అని బతిమాలేవారు.

"పైన నీ ఇష్టమున్న తారీఖు ఏస్కో బిడ్డా. నీ తాత పుట్టిన తారీఖు ఏస్కో. కింద ముద్ర మాత్రం ఇయ్యాల్టిదే" అనేవాడు ఇశ్రాయేలన్న.

ఒకసారి మా పెద్ద సారే స్వయంగా వచ్చి, రెండు రోజులు వెనక్కి తిప్పి గుద్దమన్నాడు. ఇశ్రాయేలన్న ముద్రను చొక్కా జేబులో వేసుకొని, సారు ఇంటికి వెళ్లేదాకా ఆ జేబు మీద చెయ్యి తీయలేదు. చొక్కా పాడైపోయింది. ఆ నీలం మరకతోనే ఇంకో రెండేళ్లు ఆఫీసుకు వచ్చాడు. మా బస్తీలో, అంటే మొఘల్‌పురాలో, ఆయన అసలు పేరు పోయి ఇన్‌వర్డు ఇశ్రాయేలు అనే పేరు నిలిచిపోయింది. బార్కస్ జామపండ్లు తెచ్చే బండివాడు "షక్కర్ హై చాచా, షక్కర్" అని చక్కెరంత తీపని చెప్తే, "అచ్ఛా, నేను కొరకక ముందే చెప్పినవ్ గద, యాది పెట్టుకో" అని కొరికేవాడు.

ఈ గుణం ఆఫీసులోనే ఉండిపోతే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. ఆయన దాన్ని ఆదివారం చర్చికి కూడా తీసుకెళ్లేవాడు.

నేను చర్చి మనిషిని కాను. మాది పాలవాళ్ల ఇల్లు, వాకిట్లో నాలుగు బర్రెలు. కానీ ఇశ్రాయేలన్నది పక్క ఇల్లే, చంద్రమ్మ వదిన పిలిస్తే కాదనలేం. పైగా ఆ చర్చిలో ఆదివారం ఆదివారం మంచి కాలక్షేపం ఉండేది. పాస్టరు భిక్షపతి గారు వెన్నలాంటి మనిషి. ఆయనకు ఒక్కటే బలహీనత. బైబిల్లో ముందే రాసి ఉన్నది ఎలా నెరవేరిందో చెప్పడమంటే ప్రాణం. ఆయన నోట్లోంచి 'నెరవేరింది' అనే మాట రాగానే అందరి తలలూ మూడో బెంచీ వైపు తిరిగేవి. మూడో బెంచీలో ఇశ్రాయేలన్న అప్పటికే లేచి నిలబడి ఉండేవాడు.

"కోరెషు అనే రాజు పుట్టకముందే, నూటయాభై ఏండ్ల ముందే, ప్రవక్త ఆయన పేరుతో సహా రాసిపెట్టిండు! నెరవేరిందా లేదా?" అన్నారు పాస్టరు గారు ఒకరోజు.

"అయ్యా, నూటయాభై ఏండ్ల ముందే రాసిండని ఎవలు చెప్పిండ్రు?"

"ఆ పుస్తకంలనే ఉన్నది గద ఇశ్రాయేలూ."

"అది పైన తారీఖయ్యా. గా పుస్తకం ఇన్‌వర్డు అయిన తారీఖు ఏది?"

పాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చర్చి అంతా కిసకిసలాడింది. చంద్రమ్మ వదిన కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

సంఘ పెద్ద లక్ష్మయ్యది వేరే ధోరణి. ఆయన రోజూ రేడియో వార్తలు విని చర్చికి తెచ్చేవాడు. "యుద్ధాలు, కరువులు, భూకంపాలు! అన్నీ రాసినట్టే అయితున్నయ్. ఇగ అయిపోయింది లోకం" అనేవాడు.

"లక్ష్మయ్యా, మీ నాయిన కాలంల లెవ్వా యుద్ధాలు?"

"ఎందుకు లెవ్వు? ఉండె."

"మీ తాత కాలంల కరువు?"

"అబ్బో, మస్తు ఉండె."

"అయితే ఇవేమీ లేని ఒక్క ఏడు చెప్పు. గా ఏడు నెరవేరలేదని రాసుకుంట."

లక్ష్మయ్య పాపం ఆ ఒక్క ఏడు కోసం చాలా రోజులు వెతికాడు.

ఇదంతా విని, ఇశ్రాయేలన్నకు దేవుడంటే నమ్మకం లేదని నేను అనుకునేవాణ్ణి. ఈస్టరుకు ముందు వచ్చే ఒక మట్టలాదివారం పాస్టరు గారింట్లో చాయ్ తాగుతుంటే ఆ సంగతి తేలింది. ఏసు ప్రభువు గాడిద మీద వస్తాడని ముందే రాసి ఉంది, అలాగే వచ్చాడు, దీనికేమంటావని పాస్టరు గారు అడిగారు.

"గది చదివినాయనే గదయ్యా వచ్చింది. ఏం రాసుందో ఆయనకు ఎరికే. తెలిసి జేస్తె నెరవేర్చినట్టు, నెరవేరినట్టు ఎట్లయితది?"

"అంటే ఏసయ్యను నమ్మవా నువ్వు?" పాస్టరు గారి గొంతులో నిజంగానే బాధ ఉంది.

"అయ్యో, ఎందుకు నమ్మ? రాజులంత గుర్రాలెక్కి తిరిగే కాలంల ఆయన గాడిద ఎక్కిండు. గది తల్సుకుంటె నాకు కండ్లల్ల నీళ్లొస్తయ్. ముందే రాసుందని గాదయ్యా. ఎక్కిండని."

పాస్టరు గారు ఇంకో కప్పు చాయ్ పోయించారు. వాదన మాత్రం మళ్లీ ఆదివారం మొదలైంది.

ఇశ్రాయేలన్న దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. ఊరి బయట నుంచి ప్రార్థన కూటాల్లో బోధించడానికి వచ్చే అయ్యగార్లు ఎవరికైనా ఫలానాది నెరవేరుతుందని చెప్తే చాలు, ఈయన పుస్తకం తెరిచి వాళ్ల ముందు వినయంగా నిలబడేవాడు. "అయ్యా, గా మాట మీ చేత్తోని రాసి, తారీఖేసి, దస్కతు పెట్టుండ్రి" అనేవాడు. మహా భక్తుడు దొరికాడని వాళ్లు సంతోషంగా సంతకం చేసేవారు. బస్తీ అంతా నవ్వుకునేది. ఒక్కటే నాకు అర్థమయ్యేది కాదు. నెరవేరని మాటలు ఆ పుస్తకంలో పుట్టలు పుట్టలుగా ఉన్నా, ఏనాడూ వాటిని చర్చిలో చదివి ఎవరి ఇజ్జతూ తీయలేదు.

"ఇంత జమ జేసి ఏం జేస్తవన్నా?" అని అడిగితే, "నీ అవుట్‌వర్డు నువ్వు చూస్కో" అనేవాడు.

1980 ఫిబ్రవరిలో సూర్యగ్రహణం పట్టింది. శనివారం మధ్యాహ్నం. నగరమంతా తలుపులు వేసుకుంది. మా అమ్మ ఎల్లమ్మ బర్రెలను కూడా లోపలికి తోలి గడియ పెట్టింది. గల్లీలో ఒక్క ఇశ్రాయేలన్న మాత్రం పళ్లెంలో నీళ్లు పోసుకొని, అందులో సూర్యుణ్ణి చూస్తూ కూర్చున్నాడు. మా అమ్మ కిటికీలోంచి తిడుతూనే ఉంది. పట్టపగలు చీకటి పడింది, కాకులు గూళ్లకు పోయాయి, మళ్లీ వెలుతురు వచ్చింది. అప్పుడు లక్ష్మయ్య తలుపు తీసుకొని పరుగెత్తుకొచ్చాడు.

"చూసినవా? సూర్యుడు నల్లగైతడని రాసుందా లేదా? నెరవేరిందా లేదా?"

"పంచాంగంల నిమిషంతోని సహా ఉన్నది లక్ష్మయ్యా. గట్లయితే వచ్చే ఆదివారం కానుక పంతులుకు గూడ ఇయ్యాలె."

మర్నాడు సాయంత్రం చర్చి వాకిట్లో పెద్ద కూటం. ఎక్కడి నుంచో ఒక అయ్యగారు వచ్చాడు. గొంతు ఖంగుమంటుంది. గ్రహణంతో జనం అప్పటికే సగం వణికిపోయి ఉన్నారు. ఆయన మిగతా సగం వణికించాడు. చివర్లో ముందు వరుసలో మంచం మీద పడుకోబెట్టిన కృష్ణయ్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

కృష్ణయ్య అఫ్జల్‌గంజ్ గోదాముల్లో హమాలీ. రెండేళ్ల కింద మూటలు మీద పడి ఎడమ కాలు నడుము నుంచి కిందికి చచ్చుబడిపోయింది. ఆయన భార్య ఆగమ్మ మా ఆఫీసులోనే ఊడ్చేది, కుండల్లో నీళ్లు నింపేది, రోజూ పోస్టాఫీసు నుంచి డాకు మోసుకొచ్చేది. నోరు మంచిది, చేయి చురుకు. ఆమె వస్తేనే మా ఆఫీసుకు తెల్లవారినట్టు.

"సూర్యుడు నల్లబడతాడన్న మాట నిన్న నెరవేరింది! కుంటివాడు జింకలా గంతులేస్తాడన్న మాట ఈ ఇంట్లో నెరవేరుతుంది! ఈస్టరు నాటికి!" అని కృష్ణయ్య నెత్తిన చెయ్యి పెట్టాడు అయ్యగారు. ఆగమ్మ నేల మీద పడి ఏడ్చింది. కూటం అయ్యాక ఇశ్రాయేలన్న పుస్తకం తెరిచాడు. "ఇంకేమన్న కలిపేది ఉన్నదా అయ్యా?" అని అడిగాడు. ఇంకేం లేదని అయ్యగారు వంకర్లు తిరిగిన సంతకం పెట్టాడు.

ఆ బుధవారం నుంచి ఈస్టరుకు ముందుండే నలభై రోజుల ఉపవాస కాలం మొదలైంది. ఆగమ్మ పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మాకెవరికీ చెప్పలేదు. మార్చిలో ఆఫీసులో ఎవరిదో రిటైర్మెంటు. అందరికీ చాయ్ పోయించాం. ఆగమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉంటే నేనే అర కప్పు తీసుకెళ్లి చేతిలో పెట్టాను. ఆమె ఒక్క క్షణం ఆగి తాగేసింది. ఆ సంగతి నేను ఆ పూటే మరిచిపోయాను.

ఈస్టరు ఏప్రిల్ ఆరున వచ్చింది. కృష్ణయ్యను రిక్షాలో తెచ్చారు. పాట అయిపోయాక ఆయన బెంచీ పట్టుకొని లేవబోయాడు. కాలు మాట వినలేదు, మళ్లీ కూర్చుండిపోయాడు. అందరి మొహాలూ వాడిపోతే ఆయనే నవ్వాడు. "ఏం ఫికర్ లేదు, గంతులు నాకు మొదటి నుంచి రావు" అన్నాడు. ఆగమ్మ నవ్వలేదు.

మరుసటి ఆదివారం పాస్టరు గారు ఒక పోస్టుకార్డు తెచ్చి చదివారు. కూటాల అయ్యగారు రాసింది. ఉపవాసంలో ఎవరైనా నియమం తప్పితే వాగ్దానం నెరవేరదని తనకు తెలియజేయబడిందట, జాగ్రత్తగా ఉండాలట.

"పైన తారీఖు చూడుండ్రి, మార్చి ఇరవై ఎనిమిది! కార్డు ఆలస్యంగ అందింది గని, ఈస్టరుకు ముందే రాసిండు. ఎవరో తప్పిండ్రు, ఆయన చెప్పినట్టే అయింది!" అన్నారు పాస్టరు గారు. జనం నోళ్లు తెరిచారు. నెరవేరని మాట కాస్తా ఇంకో నెరవేరిన మాటగా మారిపోయింది.

ఇశ్రాయేలన్న లేచాడు. "అయ్యా, గా కార్డు ఒకసారి" అన్నాడు. ముద్ర చూస్తాడు, ముద్ర చూస్తాడని వెనక బెంచీలు నవ్వాయి. ఆయన నిజంగానే తిప్పి ముద్ర చూశాడు. ఏదో అంటాడని అందరూ ఎదురుచూశారు. ఆయన కార్డును జేబులో పెట్టుకొని కూర్చున్నాడు. అప్పటికే ఆగమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయింది.

సోమవారం పదకొండు గంటలకు ఆగమ్మ నీళ్ల కుండతో సహా వరండాలో పడిపోయింది. మొహం మీద నీళ్లు చల్లి లేపాం. ఈస్టరు అయిపోయినా ఆమె ఉపవాసం విడవలేదు. కార్డు మాట విన్నప్పటి నుంచి పొద్దుగూకాక తినేది కూడా మానేసింది.

"ఎందుకమ్మా, పానం తీస్కుంటవా?" అన్నాను.

"నా పానం ఎందుకు సారూ, ఆయన కాలే తీస్కున్న" అని ఏడ్చింది. "ఉపాసంల చాయ్ తాగిన. కండ్లు తిరిగినయని అర కప్పు తాగిన. నా నాలికకు మంటవెట్ట, గా అర కప్పుకు ఆయన కాలు పాయె."

ఆ కప్పు ఇచ్చింది నేనే. ఏదో చెప్పబోతే ఇశ్రాయేలన్న నన్ను పక్కకు జరిపి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. జేబులోంచి కార్డు తీశాడు. రాసిన వైపు కాదు, రెండో వైపు ఆమె ముందు పెట్టాడు.

"ఆగమ్మా, ముద్ర చదువు."

"నాకు సదువేడిదన్నా."

"అంకెలు చదువుతవ్. పదేండ్ల సంది డాకు తెస్తున్నవ్. నిన్నటిదేదో ఇయ్యాల్టిదేదో నాకంటే ముందు నువ్వే ఏరి పెడ్తవ్. చదువు."

ఆగమ్మ కళ్లు తుడుచుకొని కార్డును వెలుతురుకు పట్టింది. "పదకొండు," అంది. "నాలుగు."

"ఈస్టరు ఎన్నడయింది?"

"ఆరునాడు."

ఆమె కార్డును తిప్పి పైన తారీఖు చూసింది. మళ్లీ ముద్ర చూసింది. మాకు దరఖాస్తులు తెచ్చేవాళ్లను ఆమె పదేళ్లుగా చూస్తూనే ఉంది.

"గిది... కాలు రాలేదని తెలిసినంక రాసిండా అన్నా?"

ఇశ్రాయేలన్న వెంటనే అవునని ఉంటే అయిపోయేది. ఆయన అలాంటివాడు కాదు. "ఏమో, ముందే రాసి జేబుల మర్చిపోయిండేమో, నేను చూడలే. గని ఆగమ్మా, గంత ముఖ్యమైన ముచ్చట ముందే తెలిస్తే పద్నాలుగు దినాలు ఎవడన్న జేబుల పెట్టుకుంటడా? పెట్టుకున్నా తప్పెవలిది? నీకు అందని కాగితానికి నువ్వెట్ల జవాబుదారివైతవ్? నాకు దస్కతు పెట్టిచ్చిన కాగితంల చాయ్ ముచ్చటే లేదు. నీ కప్పుకు, కృష్ణయ్య కాలుకు ఏం సంబంధం లేదు. మూట పడ్డది, కాలు పాయె. అంతే."

ఆగమ్మ మొహంలోకి రంగు వచ్చింది. అది కోపం.

"నలభై దినాలు! ఆ మీద ఇంకో వారం! గీ కార్డు రాసినోని మాటకు!" అని లేచి కూర్చుంది. "రామ్‌చందర్ సారూ, ఓ చాయ్ చెప్పుండ్రి. అర కప్పు గాదు, నిండ చెప్పుండ్రి. బన్ను గూడ చెప్పుండ్రి."

నేను చాయ్‌కి నేనే పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఇశ్రాయేలన్న తన కుర్చీలో అటు తిరిగి కూర్చొని, ముందు ఒక్క కాగితం లేకుండానే ముద్ర గుద్దుతున్నాడు. ఆ టేబుల్ మీద ఆనాటి తారీఖు నాలుగైదు చోట్ల పడింది.

సాయంత్రం ఆయన నోటుబుక్కు అక్కడే ఉంటే మొదటిసారి తెరిచి చూశాను. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఏనాటికి నెరవేరాలి, నెరవేరిందా అని గీతలు గీసి ఉన్నాయి. అన్నిటికన్నా చివర ఇంకో వరుస ఉంది. దాని మీద 'ఎవరికి చెప్పిండ్రు, ఎన్నడు కలిసిన' అని రాసి ఉంది. ఏడాదిలో కొడుకు పుడతాడని చెప్పించుకున్న పుష్పమ్మ. చూపు వస్తుందని చెప్పించుకున్న నాగమణమ్మ. గడువు దాటిన ప్రతి మాట పక్కన ఈయన వాళ్లింటికి వెళ్లిన తారీఖులు. కొందరి దగ్గర ఒకటి, కొందరి దగ్గర ఆరేడు. ఆయన వాదనలో నెగ్గడానికే ఈ పుస్తకం పెట్టాడని అన్నేళ్లు నవ్వినందుకు నాకు నిజంగా సిగ్గేసింది.

"చర్చిలనే చెప్పేది ఉండె గదన్నా. అందరి ముందల తేలిపోతుండె" అన్నాను దారిలో.

"ఆడ చెప్తే అయ్యగారు ఓడిపోతడు. ఆయన ఓడితే నాకేమొస్తది? మాట తప్పినోడు ఎన్నడు గూడ నేను తప్పినా అనడు, మీ నమ్మకంల లోపం అంటడు. గా లోపం పట్టుకొని పేదోళ్లు సచ్చేదాక ఏడుస్తరు. ఆగమ్మ నోట్లెకు అన్నం పోవాలె, గంతే నాకు కావాల్సింది" అన్నాడు. ఆ తర్వాత నా చేతిలోంచి పుస్తకం లాక్కొని, అడగకుండా తెరిచినందుకు ఇల్లు వచ్చేదాకా తిట్టాడు.

పాస్టరు గారికి కార్డు ముద్ర ఒంటరిగా చూపించాడని తర్వాత తెలిసింది. నెల తిరక్కుండానే కృష్ణయ్యకు గోదాములో కూర్చొని గోనె సంచులు కుట్టే పని దొరికింది. ఆ గోదాము చుట్టూ ఇశ్రాయేలన్న ఎన్ని మధ్యాహ్నాలు తిరిగాడో నాకు తెలుసు, ఆయన కాగితాలు నేనే ఇన్‌వర్డు చేశాను గనక.

జూన్‌లో ఒక ఆదివారం ఆగమ్మ దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పడానికి లేచింది. చాయ్ దగ్గర్నుంచి సంచుల దాకా దాచకుండా అంతా చెప్పేసింది. "దేవుడు మా ఆయనకు కాలియ్యలే, మాకు ఇశ్రాయేలన్నను ఇచ్చిండు" అని కూర్చుంది. ఇశ్రాయేలన్న బెంచీ కింద పడిపోయిన వస్తువేదో వెతుకుతున్నట్టు వంగిపోయాడు.

భిక్షపతి పాస్టరు గారికి కళ్లు తడిసిపోయాయి. పట్టలేక బైబిలు తెరిచారు. "ఒకరి బరువు ఒకరు మోసుడు గురించి ఇందుల ఎన్నడో రాసి ఉన్నది! ఇయ్యాల మన కండ్ల ముందర నెరవేరింది!" అన్నారు.

అందరి తలలూ మూడో బెంచీ వైపు తిరిగాయి. వంగినవాడు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, అది ప్రవచనం గాదు. పై ఆఫీసు ఆర్డరు. వచ్చి మస్తు దినాలైంది, మనమే అమలు జేస్తలేం."

ముందుగా నవ్వింది ఆగమ్మ. తర్వాత అందరూ నవ్వారు. పాస్టరు గారు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వి, తెరిచిన బైబిలు మూసేశారు.

"ఇగ ప్రసంగం అయిపోయింది" అన్నారాయన. "ఈ వారం ఎవరెవరు ఎవరింటికి పోతరో చెప్పుండ్రి."

లక్ష్మయ్య అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. నేను ఆ చర్చిలో విన్న ప్రసంగాలన్నిటిలోకీ అదే చిన్నది.